కట్ అయిందా, కట్ చేశారా?

2022 జూలై. గోదారి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు కొట్టిన వారం. ధవళేశ్వరం బ్యారేజీ మీంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి పోతున్నాయి. భద్రాచలం దగ్గర 1986 తర్వాత గోదారి అంత ఎత్తుకి రావడం అదే మొదలు. రాజమండ్రిలో మేం గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నాం. సరిగ్గా అప్పుడు నా ఫోన్ టింగుమంది.

"మాస్టారూ, ఈ మెయిల్ ఒక్కసారి చూసిపెట్టండి. అర్జెంటండి. ఛార్జింగ్ 12 పర్సెంటే ఉంది."

పంపింది నా దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్న అమ్మాయి. వశిష్ఠ పాయ పక్కన ఓ లంకలో ఇల్లు. పీజీ సీటొచ్చింది. సోమవారం సాయంత్రంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కాలేజీలో కనపడాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది. ఊరి దారి మీద చూస్తే నిలువెత్తు నీళ్లు. అందుకని గడువు పెంచమని మెయిల్ రాసుకుంది. అందులో ముఖ్యమైన రెండు వాక్యాలు ఇవి:

"అవర్ విలేజ్ కట్ ఆఫ్ ద రోడ్ ఫ్రమ్ ఫ్రైడే. సో ఐ కట్ ఆఫ్ విత్ కాలేజ్."

ఆవిడ చెప్పాలనుకున్నది మీకూ నాకూ అర్థమైపోయింది. కానీ తెలుగు రాని ఆఫీసరు ఎవరైనా చదివితే? "మా ఊరివాళ్లు శుక్రవారం నుంచి రోడ్డు మూసేశారు. కాబట్టి నేను కాలేజీతో తెగతెంపులు చేసుకున్నాను." వరద బాధితురాలు కాస్తా రాస్తారోకో నాయకురాలైపోయింది!

వెంటనే ఫోన్ చేశాను. "అమ్మా, ఆ కట్ ఆఫ్ ఉంది చూశావూ..." అన్నానో లేదో లైన్ పోయింది. మళ్లీ చేశాను.

"మాట్లాడుతుంటే కట్ చేశావేంటమ్మా?"

"నేను చెయ్యలేదండీ మాస్టారూ. అదే అయ్యిందండి."

గట్టు మీద నిలబడే నవ్వొచ్చేసింది నాకు. ఆ మెయిల్లో ఏం తప్పుందో ఆ అమ్మాయే చెప్పేసింది మరి.

కట్ అవ్వడం, కట్ చెయ్యడం. ఇంగ్లిష్‌వాడి ముక్కని మనం పట్టుకొచ్చి, దానికి మన 'అవ్వు', 'చెయ్యి' తగిలించి రెండు మాటలు చేసుకున్నాం. ఒకదాంట్లో ఎవరి తప్పూ లేదు, రెండోదాంట్లో ఒకడు కావాలని చేశాడు. ఫోన్ కట్ అయితే సిగ్నల్‌ని తిట్టుకుంటాం. ఫోన్ కట్ చేస్తే మనిషినే తిట్టుకుంటాం. ఈ తేడా తెలియకుండా గోదారి జిల్లాల్లో ఎవరూ పెరగరు. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి మాత్రం మర్చిపోతాం. అక్కడ 'అయ్యింది' అనడానికి వేరే మాట పెట్టరు. వాక్యాన్నే తిప్పేస్తారు. "దే కట్ ఆఫ్ ద రోడ్" అంటే వాళ్లు మూసేశారు. "ద రోడ్ వజ్ కట్ ఆఫ్" అంటే అది తెగిపోయింది. ఆ బుల్లి 'వజ్' లేకపోతే నేరం ఊరి మీద పడుతుంది. మాట్లాడేటప్పుడు 'వజ్' బదులు 'గాట్' కూడా వాడతారు. అదీ మన 'అయ్యింది' లాంటిదే.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోయి, మళ్లీ కలిశాక మనవాళ్లు "సారీ సర్, కాల్ కట్" అంటారు. మన దేశంలో అర్థమవుతుంది, ఫర్వాలేదు. కానీ "సారీ, వియ్ గాట్ కట్ ఆఫ్" అంటే ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. "యు కట్ ద కాల్" మాత్రం ఛస్తే అనకండి. ఎదుటివాడు కావాలని పెట్టేశాడని నిష్ఠూరమాడినట్టు ఉంటుంది. కావాలని పెట్టేయడానికి వాళ్లకి వేరే మాటుంది, 'హంగ్ అప్' అని. ఫోన్ గోడకి వేలాడిన రోజుల్లో పుట్టిన మాట, ఇప్పుడు జేబులో ఫోన్‌కీ అదే.

ఇంతకీ ఆ 'ఆఫ్' ఏం చేస్తోంది? ఉత్త కట్ సరిపోదా?

సరిపోదు. వంటింట్లోకి రండి. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది. పసుపు అద్ది గుడ్డ కట్టేస్తారు. అదే "వేలు తెగిపోయింది" అన్నారనుకోండి, ఇంటిల్లిపాదీ లేచి ఆస్పత్రికి పరుగెడతారు. "ఐ కట్ మై ఫింగర్", "ఐ కట్ ఆఫ్ మై ఫింగర్" మధ్య అంతే తేడా. మొదటిదాంట్లో గాయం, రెండోదాంట్లో వేలు చేతికి లేదు. మన 'పోవు' చేసే పని వాళ్ల 'ఆఫ్' చేస్తోంది. ఒకటి ఇంకోదాన్నుంచి విడిపోయి దూరమవ్వాలి, అప్పుడే ఆఫ్. కొబ్బరికాయని రెండు చెక్కలు చేస్తే ఉత్త కట్. చెట్టెక్కి గెల నరికి కిందకి దింపితే కట్ ఆఫ్. ఫ్రేజల్ వెర్బ్ అనగానే బెదిరిపోయేవాళ్లకి నేను చెప్పేదొకటే. మనం పుట్టినప్పట్నుంచీ వాడుతున్నాం ఇలాంటివి. పడింది, పడిపోయింది. తిన్నాడు, తినేశాడు. చెప్పాడు, చెప్పుకున్నాడు. తోక మారితే అర్థం మారడం మనకి కొత్తేం కాదు. వాళ్లు తోకని విడిగా రాస్తారు, మనం అతికించి రాస్తాం.

విడిగా రాస్తారు కాబట్టే దాన్ని జరపొచ్చు కూడా. ఏటా ఎండాకాలంలో మన డెల్టా కాలువలకి నీళ్లు ఆపేస్తారు కదా, ధవళేశ్వరం దగ్గర. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ ఎండుతాయి. మళ్లీ జూన్‌లో వదిలేదాకా కాలువలో పిల్లల క్రికెట్టే. "దే కట్ ఆఫ్ ద వాటర్" అన్నా, "దే కట్ ద వాటర్ ఆఫ్" అన్నా రైటే. కానీ 'వాటర్' బదులు 'ఇట్' పెడితే ఒకటే దారి, "దే కట్ ఇట్ ఆఫ్". ఆ 'ఇట్' మధ్యలోనే కూర్చోవాలి, చివరికి వెళ్లకూడదు. ఇంకోటి, నిన్న ఆపినా రేపు ఆపినా 'కట్' మారదు. 'కట్టెడ్' అనే మాట లేదు. పరీక్ష పేపర్లలో మాత్రం ఏటా కనిపిస్తుంది నాకు.

మళ్లీ లంకకి వద్దాం, అమ్మాయి ఎదురుచూస్తోంది.

రెండో వాక్యంలో 'విత్' ఉంది చూశారా, "కట్ ఆఫ్ విత్ కాలేజ్" అని. అదెక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన పేపర్ల నుంచి. గోదారి వచ్చిన ప్రతిసారీ రెండు ముక్కలు తప్పకుండా పడతాయి. ఒకటి "జలదిగ్బంధంలో లంక గ్రామాలు", రెండోది "బాహ్య ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి". ప్రపంచం'తో' కాబట్టి 'విత్' అనుకుంది పిల్ల. తెలుగులో బంధం ఎవరి'తో' ఉందో వాళ్ల'తో'నే తెగుతుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. దేన్నుంచి విడిపోయామో చెప్పాలి, కాబట్టి 'ఫ్రమ్'. కోసిందెవరో చెప్పాలంటే 'బై'. "కట్ ఆఫ్ బై ద ఫ్లడ్, ఫ్రమ్ ద మెయిన్ రోడ్." కత్తి ఎవరి చేతిలో ఉందో బై చెబుతుంది, ముక్క ఎక్కడ్నుంచి ఊడిందో ఫ్రమ్ చెబుతుంది.

'విత్' తీసేయించి, నేను కొంచెం గొప్పగా ఉంటుందని "కట్ ఆఫ్ ఫ్రమ్ ద అవుట్‌సైడ్ వరల్డ్" అని పెట్టమన్నాను. పేపర్ భాష నాకూ అంటుకుంది మరి. ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది, పక్కనుంచి వాళ్ల మామ్మగారు అడిగారు.

"బయటి ప్రపంచమంటే ఏదండీ మాస్టారూ? రావులపాలెమా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగింది. ఆవిడకి ఇల్లు, అరటితోట, గేదెలు, గుడి, బడి, నలుగురు మనుషులు అన్నీ నీళ్లకి ఇటువైపే ఉన్నాయి. లోపల కూర్చున్న మనిషికి తను బయట ఉన్నానని ఎందుకు అనిపిస్తుంది? ఇంగ్లిష్‌వాళ్ల మీద ఒక పాత జోకుంది. వాళ్ల దీవికీ యూరప్‌కీ మధ్యనున్న ఇంగ్లిష్ ఛానెల్ మీద పొగమంచు దట్టంగా పట్టి పడవలు ఆగిపోతే, లండన్ పేపరువాడు "పొగమంచు వల్ల యూరప్ ఖండం తెగిపోయింది" అని హెడ్డింగ్ పెట్టాడట. దీవిలో ఉన్నది తను, తెగిపోయింది మాత్రం ఖండమట! ఇలా నిజంగా అచ్చయిందో లేదో గానీ, కట్ ఆఫ్ గురించి ఏ గ్రామర్ పుస్తకమూ చెప్పని సంగతి ఇందులో ఉంది. వాక్యం రాసేవాడు ఎక్కడ కూర్చుంటే అదే అసలు ఊరు, తెగిపోయేది ఎప్పుడూ అవతలిది. రాజమండ్రిలోనో అమలాపురంలోనో కూర్చుని రాస్తే లంకలు తెగిపోతాయి. లంకలో కూర్చుని రాసేవాళ్లు పేపర్లో తక్కువ.

కనకాయలంకనే చూడండి. ఊరు పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. దారి మాత్రం ఇటు కోనసీమ వైపు, చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మీంచి. వరదకి ఆ కాజ్‌వే మునిగితే ఊరు ఎవర్నుంచి తెగినట్టు? కాగితాల్లో ఒక జిల్లా, కాళ్ల కింద ఇంకో జిల్లా. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లెక్కలున్నాయి. నీళ్ల పరంగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు అన్నమాట. చాలా ఏళ్లలో మొదటి హెచ్చరిక రాకముందే కొన్ని లంకల దారులు మునిగిపోతాయి. టీవీలో స్క్రోలింగ్ మొదలయ్యేసరికి వాళ్లు పడవలెక్కి రెండ్రోజులై ఉంటుంది. 'హెచ్చరిక' కూడా ఎవరు ఎక్కడ నిలబడి ఇస్తున్నారన్నదాన్ని బట్టే ఉంటుందన్నమాట.

సరే, మామ్మగారి దెబ్బకి 'అవుట్‌సైడ్ వరల్డ్' ఎగిరిపోయింది. చివరికి మెయిల్ ఇలా తేలింది:

"ద కాజ్‌వే టు అవర్ విలేజ్ ఈజ్ అండర్ వాటర్. వియ్ హావ్ బీన్ కట్ ఆఫ్ ఫ్రమ్ ద మెయిన్ రోడ్ సిన్స్ ఫ్రైడే. ఐ విల్ మిస్ మండేస్ కటాఫ్. ప్లీజ్ గివ్ మీ వన్ వీక్."

నాలుగే నాలుగు వాక్యాలు. 'ఫ్రమ్ ఫ్రైడే' ఎందుకు 'సిన్స్ ఫ్రైడే' అయిందో ఇంకో వారం చెప్పుకుందాం. మూడో వాక్యంలో కటాఫ్ చూశారు కదా. మార్కుల కటాఫ్, తేదీ కటాఫ్, మన పిల్లలకి అన్నిటికంటే బాగా తెలిసిన ఇంగ్లిష్ మాట అదే. ఇక్కడికి వస్తే లోపల, ఇక్కడ దాటితే బయట అని గీసిన గీత. అది నామవాచకం కాబట్టి కలిపి రాస్తారు, లేదా మధ్యలో చిన్న గీత పెడతారు. క్రియగా వాడితే కట్ వేరు, ఆఫ్ వేరు. కట్ ఆఫ్ అయిపోయి కటాఫ్ తప్పిపోయిన మనిషి దగ్గర ఈ తేడా చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. కానీ ఆ పిల్ల శ్రద్ధగా "ఆయ్, ఆయ్" అంటూ విని, మరబోటు వాళ్ల దగ్గరున్న పవర్ బ్యాంకుతో ఫోన్ బతికించుకుని, రాత్రి డాబా ఎక్కి రెండు గీతల సిగ్నల్ దొరికాక పంపించింది.

ఆదివారం జవాబొచ్చింది. "మీ గ్రామం కట్ ఆఫ్ అయినట్టు ఆధారం జత చేయండి."

ఏ కాలేజీయో చెప్పను. ఆధారం ఇచ్చేది మండల ఆఫీసు. ఆఫీసుకి వెళ్లాలంటే గోదారి దాటాలి. దాటగలిగితే కట్ ఆఫ్ అయినట్టు కాదు! పిల్ల ఏడవలేదు గానీ, ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ మళ్లీ తెగిందేమో అనుకున్నాను. తెగలేదు.

అదృష్టం బావుండి సోమవారం పొద్దున్నే పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ పంచే బోటులో వీఆర్వో గారే ఊళ్లోకొచ్చారు. బోటు అంచు మీద కూర్చుని తెల్లకాగితం మీద రాసిచ్చారు, తెలుగులో. "సదరు గ్రామము జలదిగ్బంధములో ఉన్నది." సంతకం, తేదీ, ముద్ర. దీన్ని ఇంగ్లిష్‌లో పెట్టడం ఎలా? అమ్మాయి గృహనిర్బంధం గుర్తుకొచ్చి 'వాటర్ అరెస్ట్' అని రాసింది. నేను తిట్టలేదు. నిజానికి దిగ్బంధం పెద్ద మాట. దిక్కుల్ని కట్టేయడం, మంత్రాలు వేసేవాళ్ల మాట. నాలుగు దిక్కులూ నీళ్లతో కట్టేసిన ఊరు అనడంలో ఉన్న భయం కట్ ఆఫ్‌లో రాదు. కానీ కాలేజీవాళ్లకి భయం అక్కర్లేదు, సంగతి తెలిస్తే చాలు. "కట్ ఆఫ్ బై ఫ్లడ్ వాటర్" అని రాసి, కాగితం ఫొటో తీసి పంపించాం. అప్పటికి మధ్యాహ్నం మూడైంది. కటాఫ్ అయిదింటికి.

ఆ రెండు గంటల్లో నేను ఒక బ్యాచ్‌కి క్లాసు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఒక కుర్రాడు మాట్లాడుతుంటే రెండుసార్లు మధ్యలో అందుకున్నానట. "సర్, యు ఆర్ కటింగ్ మీ ఆఫ్" అన్నాడు వాడు. మాట పూర్తికానివ్వకుండా తుంచేయడం కూడా కట్ ఆఫే మరి. వాడు సరిగ్గా 'మీ'ని మధ్యలో పెట్టాడు. పొగిడాను కూడా. అమెరికాలో బండి తోలేవాళ్లు కూడా ఈ మాట వాడతారు, పక్కబండి సర్రున అడ్డంగా దూరినప్పుడు. మన దేవీచౌక్ దగ్గర ఆటోల్ని చూస్తే రోజుకి వందసార్లు వాడుకోవచ్చు. కొడుకు కులాంతర పెళ్లి చేసుకున్నాడని ఆస్తి ఇవ్వకుండా తోసేసే పెద్దమనుషులకీ ఇదే మాట, "హి కట్ హిజ్ సన్ ఆఫ్". అక్కడ 'అయ్యింది' అనడానికి లేదు. చేశాడు, అంతే.

నాలుగూ నలభైకి మెసేజ్ వచ్చింది. శుక్రవారం దాకా టైమిచ్చారు. బుధవారం గోదారి కొంచెం తీసింది. సర్టిఫికెట్లని ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, వాళ్ల నాన్నతో పడవలో దాటి, బస్సెక్కి వెళ్లి చేరిపోయింది. సీటు దక్కింది. ఆ మెయిల్ వల్లే దక్కిందని నేను చెప్పుకోను. వీఆర్వో గారు ఆ పూట వేరే ఊరి బోటు ఎక్కి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు.

ఆగస్టులో గోదారి మళ్లీ పెరిగింది. సెలవులకి ఇంటికొచ్చిన అమ్మాయి తిరిగి వెళ్తూ రాజమండ్రిలో ఆగి, మామ్మగారు పంపిన చక్కెరకేళీ అత్తం ఇచ్చి వెళ్తానంది. ఆ వారం మా వీధిలో అరటిపళ్ల ధర అప్పటికే రెట్టింపు. లంకల్నుంచి సరుకు రావట్లేదన్నాడు బండివాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. పొద్దున్న పదకొండింటికి ఫోన్ టింగుమంది.

"మాస్టారూ, కాజ్‌వే మునిగిందండి. మామ్మ చెప్పమంది. యు ఆర్ కట్ ఆఫ్ ఫ్రమ్ అస్."